పొద్దున పెట్టిన గుడ్డు

"డాక్టరమ్మ ఆరేళ్ళ కష్టం ఈరోజు గేటు దాటకూడదు," చెవిలో బాబాయ్ గొంతు. "దాటితే రేపటికల్లా విదేశీ ముఠా పేరు మీద పేటెంట్ దరఖాస్తు పడుతుంది."

"సరే బాబాయ్."

వింటున్న అమ్మాయికి బాబాయ్ చుట్టం కాడు, గూఢచారి డిపార్ట్‌మెంట్ చీఫ్. ఆమె ఏజెంట్. మూడు నెలలుగా కౌజు పిట్టల పరిశోధన షెడ్డులో గుడ్లు తూచే అమ్మాయి వేషంలో ఉంది. జడ కింద ఇయర్‌ఫోన్, ఏప్రన్ గుండీలో కెమెరా.

రహస్యం ఒక్క కాగితంలో ఉంది. గుడ్లు పెట్టే కౌజు పిట్ట మేతలో లైసిన్, మిథియోనిన్, త్రియోనిన్ అనే అమైనో ఆమ్లాలు ఏ పాళ్ళలో ఉండాలో డాక్టరమ్మ తేల్చింది. తగ్గితే గుడ్డు చిక్కిపోతుంది, ఎక్కువైతే మేత దండగ. ఆ కాగితాన్ని ఎవరో ఫొటో తీశారని నిన్ననే కబురు.

"ఎవరి మీద అనుమానం బాబాయ్?"

"అందరి మీదా. షెడ్డుకొచ్చే మేత సలహాదారు మన మనిషే, ఆమెని ముఠాలోకి పంపింది మనమే. అయినా ఓ కన్నేసి ఉంచు."

తొమ్మిదింటికి సలహాదారు వచ్చింది. నల్ల కళ్ళద్దాలు, ఖరీదైన సెంటు. షెడ్డంతా తిరిగినా ఎత్తుమడమల చెప్పులకు ఒక్క రెట్ట మరక లేదు.

"ఈ ఏడు వానలు తొందరగా వస్తాయట," అంది మెల్లగా.

"గొడుగు బాగుచేయించుకోవాలండీ."

కోడ్ సరిపోయింది. మనిషి మీద నమ్మకం మాత్రం కుదరలేదు.

సలహాదారు ముప్పై గుడ్ల ట్రే ముందుకు జరిపింది. "నా ల్యాబుకి. తొందరగా తూచు."

చలిగదిలోంచి వచ్చిన గుడ్లు. వేళ్ళకు చల్లగా తగులుతున్నాయి. పందొమ్మిదోది తగిలినప్పుడు ఏజెంట్ చెయ్యి ఆగింది. మచ్చలు సరిగ్గానే ఉన్నాయి. బరువు పదకొండు గ్రాములు, అదీ సరిపోయింది. కానీ వెచ్చగా ఉంది.

"ఇదొక్కటి వెచ్చగా ఉందండీ."

"పిట్ట ఇందాకే పెట్టింది. నేనే తీసి ఇందులో కలిపాను," అంది సలహాదారు, తడుముకోకుండా.

ఏజెంట్ తలూపి, పుస్తకంలో బరువు రాసింది. ట్రే కారెక్కింది.

"బాబాయ్, గుడ్లలో ఒకటి గుడ్డు కాదు."

"ఆధారం?"

"కౌజు పిట్ట మధ్యాహ్నం దాటాక పెడుతుంది, పొద్దువాలేదాకా. మూడు నెలల్లో పొద్దున్నే ఒక్క గుడ్డూ నా చేతికి రాలేదు."

"ఒక్క పిట్ట వేళ తప్పి పెట్టి ఉంటే? నీ వేషం పోతుంది, ముఠా జాగ్రత్తపడుతుంది."

నిజమే. ఏ పిట్ట మనసులో ఏముందో ఎవరికి తెలుసు? కానీ ఆ ఆడమనిషి మరీ తొందరగా జవాబిచ్చింది. ఏజెంట్ పరుగెత్తింది.

గేటు దగ్గర వాచ్‌మన్ తాత అడ్డకర్ర లేపుతున్నాడు.

"తాతా, దించు. ఒక గుడ్డు మళ్ళీ చూడాలి."

కారు అద్దం దిగింది. "పగిలితే మీ మేడమ్ ఊరుకుంటుందా?" నవ్వింది సలహాదారు. ఆ నవ్వు కళ్ళద్దాల దాకా వెళ్ళలేదు.

"అమ్మాయ్, ఆ ట్రే జోలికి పోకు," వెనకనుంచి డాక్టరమ్మ కేక.

ఏజెంట్ పందొమ్మిదో గుడ్డు తీసి బానెట్ అంచుకు కొట్టింది. సొన కారలేదు. పెంకులోంచి ఇంకా వెచ్చగా ఉన్న గోరంత బ్యాటరీ, ఫొటోలు దాచే చిన్న చిప్పు, ఒక ఎర్ర లైటు బయటపడ్డాయి.

సలహాదారు చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి పోయింది. అంతకంటే ముందే తాత చేతికర్ర బ్యాగు మీద పడింది.

"బ్యాగులు వెతకడం నా డ్యూటీ అమ్మగారూ. ఇన్నాళ్ళూ గుడ్లని వదిలేశాను, అదే తప్పు." బ్యాగులోంచి పిస్టల్ తీసి ఏజెంట్ చేతిలో పెట్టాడు.

డాక్టరమ్మ పెంకు తీసి వేళ్ళ మధ్య తిప్పి చూసింది. "పదకొండు గ్రాములని రాశావా? కొట్టెయ్. సగటు పాడవుతుంది."

సాయంత్రం షెడ్డులో పిట్టలు ఒక్కొక్కటే గుడ్లు పెడుతుంటే, ఏజెంట్ బుట్ట పట్టుకుని ఏరుతోంది. చెవిలో బాబాయ్.

"సలహాదారు మొదటినుంచీ ముఠా మనిషేనట, మన దగ్గరికి పంపేముందే మూడేళ్ళు ట్రైనింగ్ ఇచ్చారట. భాష, మారువేషం, తుపాకీ, అన్నీ."

"ఒక్క సాయంత్రం ఇక్కడ కూర్చోబెట్టాల్సింది బాబాయ్."