లోపలి సంచి

"అయ్యో దేవుడా! తెల్ల పట్టు మీద... తెల్ల పట్టు మీద!"

రూమ్యానా కేక గోడ అవతల ఉన్న పక్కింటి పెన్కాకి కూడా వినబడే ఉంటుంది. పెదవుల మధ్య పట్టుకున్న గుండుసూదులన్నీ నేల మీద చెల్లాచెదురయ్యాయి. అద్దం ముందు నిలబడ్డ కూతురు బిలియానా మాత్రం కదల్లేదు. సగం కుట్టిన పెళ్ళిగౌను మీద, నడుముకి కుడిపక్కన, పసుపుపచ్చటి తడి మెల్లగా పాకుతోంది...

"సంచి అంచు ఊడిందమ్మా. నువ్వు నడుము దగ్గర మరీ బిగించావు. అరవకు. మార్చుకుని వస్తాను."

"అరవకా? ఎలా అరవకుండా ఉంటానే! పెళ్ళినాడు చర్చిలో, అందరి ముందు ఇలాగే అయితే?"

బిలియానా గౌను జాగ్రత్తగా విప్పి కుర్చీ మీద పెట్టి స్నానాలగదిలోకి వెళ్ళిపోయింది. రూమ్యానా ఆ గౌను ఒళ్ళో వేసుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. విదిన్ ఊళ్ళో పెళ్ళికూతుళ్ళలో సగం మంది ఆమె కుట్టిన గౌన్లలోనే చర్చి మెట్లెక్కారు. తన ఒక్కగానొక్క బిడ్డ వంతు వచ్చేసరికి దేవుడికి ఇంత కన్నెర్ర ఎందుకో!

బిలియానాకి పెద్దపేగు పుండ్ల జబ్బు పట్టుకుని అయిదేళ్ళయింది. నెత్తురు పోయేది, మెతుకు ఇమిడేది కాదు. పోయిన శరదృతువులో పేగు చిట్లి, ప్రాణం మీదికొస్తే, రాత్రికి రాత్రి రాజధాని సోఫియాకి తీసుకెళ్ళారు. చివరి ముక్క తప్ప పెద్దపేగంతా తీసేసి, చిన్నపేగు కొసని కడుపు మీద చిన్న రంధ్రంలోంచి బయటికి తెచ్చి, దాని మీద సంచి అంటించారు. పిల్ల బతికింది! నెల తిరిగేసరికి బుగ్గలు వచ్చాయి. కానీ రూమ్యానా ఆ రంధ్రాన్ని ఒక్కనాడూ చూడలేదు. కూతురు చొక్కా ఎత్తితే చాలు, పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టు వంటింట్లోకి పరిగెత్తేది.

ఈస్టరుకి ముందొచ్చే పువ్వుల ఆదివారం వెళ్ళిన మర్నాడు, పరీక్షల ఫలితం కోసం తల్లీకూతుళ్ళు సోఫియా వెళ్ళారు. డాక్టర్ దోబ్రెవా నెరిసిన జుట్టు మనిషి, మాట దాచే అలవాటు లేనిది.

"లోపల మిగిలిన పెద్దపేగు ముక్కలో కణాలు మారుతున్నాయి, బిలియానా. వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది. అది తియ్యక తప్పదు. తీశాక దారులు రెండు. ఒకటి, ఇప్పుడున్న సంచే జన్మంతా ఉంచుకోవడం. రెండోది, చిన్నపేగుతోనే లోపల ఒక సంచి కుట్టడం. జె-పౌచ్ అంటాం. అది కుదిరితే బయట ఏమీ ఉండదు, అందరిలాగే వెళ్ళొచ్చు."

"అదే! అదే చెయ్యండి డాక్టరమ్మా!" అంది రూమ్యానా, కూతురు నోరు తెరవకముందే.

"ఆగండమ్మా. అందరిలాగే అంటే అచ్చంగా అందరిలాగే కాదు. రోజుకి ఆరేడుసార్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. దాన్ని పెట్టించుకుని కొండలెక్కుతున్న వాళ్ళున్నారు, నా పేషెంట్లే. వాపులొచ్చి, చీము పట్టి, చివరికి తీయించుకున్న వాళ్ళూ ఉన్నారు. ఎవరు ఏ వైపు పడతారో ముందే చెప్పలేను."

"పిల్లలు?" అని అడిగింది బిలియానా.

"రెండింటిలోనూ కొంత భయం ఉంది. లోపలి సంచితో ఇంకాస్త ఎక్కువ. పొత్తికడుపులో మచ్చలు కడతాయి."

తిరుగు రైలులో బిలియానా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. మెజ్ద్రా స్టేషన్ దాటాక తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, నేను ఇదే ఉంచేసుకుంటాను."

"ఏంటే నువ్వనేది?"

"అలసిపోయానమ్మా. అయిదేళ్ళు మరుగుదొడ్డి తలుపు చూస్తూ బతికాను. ఇప్పుడు రొట్టె తింటున్నా, నిద్రపోతున్నా, బడిలో పిల్లలకి పాఠం చెప్తున్నా. మళ్ళీ ఆ కత్తుల కిందికి, మళ్ళీ ఆ పరుగుల్లోకి... నావల్ల కాదు."

రూమ్యానా కూతురి వైపు నుంచి తల తిప్పేసుకుంది. ముప్ఫై నిండని పిల్ల... జన్మంతా ఆ సంచి మోస్తూ... రేపు తను కన్నుమూస్తే దీన్ని ఎవడు ఏలుకుంటాడు? 'పాపం బిలియానా' అని ఊరు ఊరంతా తల ఊపదూ!

మర్నాడు ఆమె నది ఒడ్డుకి వెళ్ళింది. బిలియానాని చేసుకోబోయే ఆసెన్ అక్కడ సరుకు పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. నూనె చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చాడు.

"ఏంటత్తయ్యా, బిలీకి బావుందా?"

"బావుంది బాబూ. నువ్వొక్క మాట దానికి చెప్పాలి. లోపలి సంచే పెట్టించుకోమని. నువ్వు చెప్తే వింటుంది."

ఆసెన్ ఆశ్చర్యంగా చూశాడు. "నేనెందుకు చెప్తానత్తయ్యా? ఆ సంచి ఉంటే నాకేం? ఆసుపత్రిలో బిలీని దాదాపు శవంలా చూశాను నేను. ఆ సంచే కదా నా బిలీని నాకు తిరిగిచ్చింది! దానికి కొవ్వొత్తి వెలిగించుకోవాలి నేను."

"ఇవాళ అలాగే అంటావు నాయనా... పెళ్ళయ్యాక, ఒక పక్క మీద..."

అతని ముఖం ఎర్రబడింది. "మా మధ్య మాటలు మాకు వదిలెయ్యండత్తయ్యా. మీకు అది అసహ్యమైతే అది వేరే సంగతి."

ఆ మాట ఆమె గుండెల్లో ముల్లులా దిగింది. అసహ్యమా! కన్నతల్లికి బిడ్డంటే అసహ్యమా! ఇంటికొచ్చేదాకా ఏడుస్తూనే నడిచింది.

పెద్ద గురువారం నాడు వంటింట్లో ఈస్టరు గుడ్లకి ఎర్రరంగు వేస్తున్నారు. గిన్నెలో గుడ్లు తిప్పుతూ, తల ఎత్తకుండా రూమ్యానా అంది:

"ఆసెన్ కలిశాడే. నీతో అనలేకపోతున్నాడు. నాతో అన్నాడు."

"ఏమని?"

"ఏమనంటే... మంచివాడు కాబట్టి నీ ముఖం మీద అనలేడు. కానీ మగాడు కదే బిలీ! ఆ సంచితో... తన వల్ల కాదన్నాడు."

బిలియానా చేతిలోని గుడ్డు పళ్ళెంలో పెట్టింది. చాలాసేపు తల్లినే చూసింది.

"ఆసెన్ అన్నాడా?"

"అవునే! నేనేమన్నా కల్పించి చెప్తున్నానా?"

"లేదులే." వేళ్ళకంటిన ఎర్రరంగు గుడ్డతో తుడుచుకుంది. "సరే అమ్మా. లోపలిదే పెట్టించుకుంటాను."

రూమ్యానా గిన్నె వదిలేసి కూతుర్ని వాటేసుకుంది. ముద్దులతో ముంచెత్తింది. బిలియానా చేతులు మాత్రం పక్కన వేలాడుతూనే ఉన్నాయి... ఆ పిచ్చితల్లి గమనించలేదు!

వేసవిలో లోపలి సంచి కుట్టారు. అది మానేదాకా బయటిది ఉంచి, చలికాలంలో ఆ రంధ్రం మూసేశారు. కూతురు చదునైన పొట్టతో ఆసుపత్రి మెట్లు దిగిన రోజు రూమ్యానా చర్చిలో మోకాళ్ళ మీద కూలబడి కన్నీళ్ళతో మొక్కింది. గౌను మళ్ళీ బయటికి తీసింది. పెన్కాని పిలిచి చూపించింది.

"చూడు వదినా, గీత కూడా కనబడదు! అద్దంలా ఉంది నా బంగారుతల్లి!"

ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. మొదట్లో 'అలవాటుపడాలి' అన్నారు. బిలియానా అలవాటుపడలేదు. రోజుకి పదిసార్లు, పదిహేనుసార్లు. ఒళ్ళు ఒరుసుకుపోయి, కూర్చుంటే ఏడుపు, లేస్తే ఏడుపు. బడి మానేసింది. తర్వాత జ్వరాలు. లోపల కుట్టు విడిపోయి చీము పట్టిందన్నారు. గొట్టాలు పెట్టారు, తీశారు, మళ్ళీ పెట్టారు. ఆ చీము పొత్తికడుపంతా పాకింది. డాక్టర్ దోబ్రెవా తల్లీకూతుళ్ళిద్దర్నీ కూర్చోబెట్టి, బిలియానా చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది: "పిల్లల ఆశ ఇక పెట్టుకోవద్దమ్మా. గర్భనాళాలు రెండూ మూసుకుపోయాయి."

బిలియానా కంట తడి రాలేదు. "లోపలి సంచి తీసెయ్యండి డాక్టర్ గారూ," అంది.

"ఇంకోసారి బాగుచెయ్యడానికి ప్రయత్నించొచ్చు..."

"వద్దు. తీసెయ్యండి."

రూమ్యానా నోరు తెరవబోయింది. కూతురు ఆమె వైపు చూసిన చూపులో కోపం లేదు. ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడానికే ఆమె నోరు మూసుకుంది.

ఆపరేషన్ ముందురోజు ఆసెన్ వచ్చాడు. తలుపు బయట బెంచీ మీద కూర్చున్న రూమ్యానాకి లోపలి మాటలన్నీ వినబడుతున్నాయి.

"నువ్వెళ్ళిపో ఆసెన్."

"పిచ్చిమాటలు ఆపు బిలీ."

"పిచ్చి కాదు. మీ అక్కయ్య పిల్లల్ని ఎత్తుకున్నప్పుడు నీ ముఖం చూశాను నేను. అది నేనివ్వలేను."

"నాకు నువ్వు చాలు!"

"ఇవాళ చాలు. పదేళ్ళకి?"

"అసలెందుకు పెట్టించుకున్నావే ఆ దిక్కుమాలినదాన్ని!" ఆసెన్ గొంతు పగిలిపోయింది. "నాకు బయటి సంచితో పేచీ లేదని మీ అమ్మతో ఎంత చెప్పాను! ఒడ్డున నిలబెట్టి చెప్పాను!"

రూమ్యానా బెంచీ అంచు పట్టుకుంది. భూమి చీలి తనని మింగేస్తే బాగుండును! ఇప్పుడు కూతురు అరుస్తుంది... తలుపు తెరుచుకుని వచ్చి ముఖాన ఉమ్మేస్తుంది... లోపల్నుంచి ఏ అరుపూ రాలేదు. బిలియానా చాలా మెల్లగా ఏదో అంది. తర్వాత ఆసెన్ ఏడుపు మాత్రమే వినబడింది. అతను బయటికొచ్చి, రూమ్యానాని దాటుకుని, తల తిప్పకుండా వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఎన్నోసార్లు వచ్చాడు. బిలియానా తలుపు తియ్యలేదు. మరుసటి ఏడు రూసె రేవుకి బదిలీ చేయించుకుని, అక్కడే ఒకమ్మాయిని పెళ్ళాడాడని పెన్కా మోసుకొచ్చింది. రూమ్యానా ఆ కబురు వంటింట్లోనే ఆపేద్దామని చూసింది. కానీ బిలియానా ముందే విని, "మంచిది," అంది.

ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన కొత్తలో బిలియానాకి లేచి కూర్చునే శక్తి లేదు. మళ్ళీ పొట్ట మీదికొచ్చిన సంచిని మార్చడానికి రోజూ నర్సు వచ్చేది. ఒక మధ్యాహ్నం నర్సు రాలేదు. సంచి అంచు ఊడి దుప్పటి తడిసింది. బిలియానా లేవబోయి, దిండు మీద పడిపోయింది.

"ఉండు. నేను మారుస్తాను," అంది రూమ్యానా గుమ్మంలోంచి.

"నువ్వు చూడలేవులేమ్మా."

"చూస్తాను."

చొక్కా ఎత్తింది. కత్తిగాట్లతో గీతలు పడిన పొట్ట... దాని మధ్య ఎర్రగా, తడిగా, చిన్న గులాబి మొగ్గంత పేగు కొస. అది మెల్లగా కదులుతోంది. ఇంతేనా! దీనికా తను ఇన్నాళ్ళు భయపడింది? తను కన్న శరీరంలోని ముక్కే కదా ఇది! గోరువెచ్చటి నీళ్ళలో గుడ్డ ముంచి తుడుస్తుంటే కన్నీళ్ళు చేతుల మీదే పడుతున్నాయి.

"బిలీ... నేను నీకు అబద్ధం..."

"తెలుసమ్మా."

"ఆసెన్ చెప్పాడని..."

"ఆసెన్ చెప్పకముందే తెలుసు. గుడ్లకి రంగు వేస్తున్నావే, అప్పుడే తెలుసు. వాడు అలా అనే మనిషేనా?"

రూమ్యానా చేతిలోని గుడ్డ జారిపోయింది. "తెలిసి కూడా... తెలిసి కూడా ఎందుకు ఒప్పుకున్నావే నా తల్లీ!"

బిలియానా కళ్ళు మూసుకుంది. "ఆర్నెల్లపాటు నువ్వు నా ముఖం నుంచి కిందికి చూడలేదమ్మా. స్నానానికి వెళ్తుంటే పక్కకి తప్పుకునేదానివి. వాటేసుకుంటే పొట్ట తగలకుండా వంగి వాటేసుకునేదానివి. ఆసెన్ చూడగలడు. నువ్వు చూడలేకపోయావు. నువ్వు మళ్ళీ నన్ను చూస్తావనే..."

ఆ మాట పూర్తి కాలేదు. పూర్తి కావలసిన అవసరమూ లేదు. రూమ్యానా మంచం పట్టీకి తల ఆనించి కుమిలిపోయింది. క్షమించమని ఏ నోటితో అడుగుతుంది? ఏది తిరిగిస్తుంది? పుట్టని మనవల్నా, పోయిన అల్లుడినా?

"ఏడవకమ్మా," అంది బిలియానా అలసటగా. "చెయ్యి కదిలితే అంటుకోదు. చర్మం పొడిగా తుడువు. ఆ... ఇప్పుడు పెట్టు. అంచులు నొక్కు. పైన అరచెయ్యి ఆనించి ఉంచు. వేడికి మెత్తబడి అతుక్కుంటుంది."

"ఎంతసేపే?"

"కాసేపు."

రూమ్యానా అరచెయ్యి కూతురి పొట్ట మీద ఆనించింది. చేతి కింద ఊపిరి లేస్తోంది, దిగుతోంది. బిలియానా నిద్రలోకి జారుకుంది. సంచి ఎప్పుడో అతుక్కుంది. అయినా రూమ్యానా చెయ్యి తియ్యలేదు.