గోదారి కడగాల్సిన రాయి

రాళ్ళు కడగడం నాకు మా బాబాయి నేర్పాడు.

ఆయన పేరు వెంకటనారాయణ. ముప్పై ఏళ్ళు బొగ్గుబావిలో దిగి, రిటైరయ్యాక ఖమ్మం ఖానాపురం హవేలిలో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. లా చదువుతూ నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. అమ్మానాన్నలు ఎర్రుపాలెంలో మిరపతోట పనిలో ఉంటారు. బాబాయికీ శ్యామల పిన్నికీ పిల్లల్లేరు. అందుకని ఇంట్లో గొడవ చేసే హక్కంతా నాదే.

"బతుకంతా నల్లరాయి తవ్విన బిడ్డా. ఇగ జర రంగున్న రాళ్ళు ఏరుకుంట" అనేవాడు బాబాయి.

అవి అకీకు రాళ్ళు. ఉంగరాల్లో పొదుగుతారు చూడండి, అవే. ఎండాకాలం గోదావరి తగ్గితే భద్రాచలం అవతల గులకరాళ్ళ దిబ్బలు బయటపడతాయి. పైకి ఆలుగడ్డలా గరుకుగా, మురికిగా ఉన్న రాయిని తడిపితే లోపలి చారలు మేలుకుంటాయి. బాబాయి ప్రతి రాయినీ చెవి దగ్గర పెట్టుకుని చూపుడువేలి గోటితో రెండుసార్లు కొట్టేవాడు. టిక్, టిక్. "పలికింది. పగుల్లేదు" అని సంచిలో వేసేవాడు. ఎప్పుడూ రెండే దెబ్బలు.

ఆ మే నెల ఆఖరి ఆదివారం పొద్దున్నే బస్సెక్కాం. భద్రాచలంలో దిగి, షేర్ ఆటోలో అడవి అంచు దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి నడిచాం. తునికాకు కల్లాల మీద ఆకు కట్టలు ఎండుతున్నాయి. ఎండకు గాలి కూడా కదలడం మానేసింది. రెండు గంటలు వంగి వంగి వెతికాం, సంచిలో పడినవి నాలుగు రాళ్ళు. నడుము విరిగిపోయింది. బాబాయి పదడుగులకోసారి ఆగి దమ్ము తీసుకుంటున్నాడు. బొగ్గు దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు, అంతకంటే లాగవు.

ఒడ్డున మద్దిచెట్టు కింద వరసగా ఏడో ఎనిమిదో రాళ్ళు నిలబెట్టి ఉన్నాయి. పిడికిలంత రాళ్ళు. ప్రతిదానికీ మట్టి పూసి ఉంది. వరసకు దూరంగా, దిబ్బ మీద, అలాంటిదే ఇంకొకటి పడి ఉంది. దాని మట్టి ఒకచోట ఊడి, తేనె రంగు అంచు మెరుస్తోంది. వంగి తీశాను.

"పెట్టెయ్ బిడ్డా."

వెనక ఒక ముసలామె. నెత్తిన తునికాకు మూట. పేరు ఎర్రమ్మ, పక్క గూడెం. మేమెందుకొచ్చామో అడిగి, మూట దించి కూచుంది.

"గోదారి తీస్కపోయి శవం దొరకనోళ్ళకు మేం గిట్ల రాయి పెడతం. మన్ను పూస్తం. వరదొచ్చి ఆ మన్ను కడగాలె. గోదారి తీస్కున్నోళ్ళ రాయి గోదారే కడగాలె, మనిషి కడగొద్దు."

"ఇది మీ వరసలో లేదు కదా అవ్వా?"

"మావోళ్ళది కాదు. అయినా ఎవలో పూసిన్రు గద."

ఇక నేనూరుకుంటానా? జిల్లా స్థాయి డిబేట్ పోటీల్లో మూడేళ్ళు వరసగా కప్పు తెచ్చినదాన్ని. "గోదారి కడిగినా నేను కడిగినా నీళ్ళే కదవ్వా. మా ఇంటి నల్లాలో వచ్చేవీ ఏదో ఏటి నీళ్ళే" అన్నాను. "మీవాళ్ళదైతే ముట్టుకునేదాన్నే కాదు. మీది కాదని నువ్వే అంటివి. ఎవరిదీ కానిదానికి కట్టుబాటేంటి?"

ఎర్రమ్మ లేచింది. తన భాషలో ఒక్క మాటేదో గొణిగి మూటెత్తుకుంది. ఆమె ఊరుకోవడాన్ని నేను ఒప్పుకోవడం అనుకున్నాను. పోటీల్లో అలాగే లెక్క.

"వదిలెయ్ మనోజ్ఞా" అన్నాడు బాబాయి.

"నీ కోసమే బాబాయ్. ఇంత పెద్దది నీకెప్పుడైనా దొరికిందా?"

దొరకలేదు. ఆయన ఆ రాయిని చెవి దగ్గర పెట్టుకుని గోటితో రెండుసార్లు కొట్టాడు. చాలాసేపు వింటూ నిలబడ్డాడు. పలికిందనీ అనలేదు, పగిలిందనీ అనలేదు.

రాయిని ఒక పగలూ ఒక రాత్రీ సర్ఫు నీళ్ళలో నానబెట్టాను. పాత టూత్‌బ్రష్‌తో తోమాను. ఇనుప మరకలకు నిమ్మఉప్పు పెట్టాను. తర్వాత గరుకు కాగితం నీళ్ళలో తడిపి, గరుకు తగ్గించుకుంటూ వారం రోజులు ఒక పక్క సాన పట్టాను. చేతివేళ్ళు ఒరిసిపోయాయి. చివరికి రాయిలో కిటికీ తెరుచుకున్నట్టు ఒక నున్నటి ముఖం తేలింది.

వెనకనుంచి ఫోన్ లైటు వేశాను. తేనెరంగు వలయాలు. వలయాల నడుమ చిన్న గుహ. గుహ నిండా నీళ్ళు. పైన, నీళ్ళకూ రాతికప్పుకూ మధ్య, ఆవగింజంత గాలిబుడగ. రాయి వంచితే అది కదులుతోంది.

"బాబాయ్! లోపల నీళ్ళున్నయ్! కోట్ల ఏండ్ల నీళ్ళు!"

బాబాయి తొంగి చూశాడు. వెంటనే కళ్ళు తిప్పుకున్నాడు.

"లైటు బంద్ చెయ్" అన్నాడు.

ఆ రాత్రే దగ్గు మొదలైంది.

రాయిని అరలో పెట్టాం. దాని కింద చెక్క ఎప్పుడూ తడిగా ఉండేది. తుడిస్తే గంటలో మళ్ళీ తడి. వారానికి బుడగ పెసరగింజంత అయింది. నమ్మక పెన్నుతో గుర్తు పెట్టాను. ఇంకో వారానికి గుర్తు దాటింది. రాతిలో కంటికి కనపడని సందులుంటాయి, నీరు ఆవిరైపోతోంది, అందుకే చుట్టూ తడి, బుడగ పెరుగుదల... అన్నీ అతికినట్టు సరిపోయాయి. బాబాయికి వివరంగా చెప్పాను.

"అవ్ బిడ్డా. నువ్వన్నది కరెక్టే" అన్నాడు. వాదించే ఓపిక లేనివాడు ఒప్పుకున్నట్టు.

బుడగ పెరిగిన కొద్దీ ఆయన ఊపిరి తరిగింది. మెట్లెక్కలేడు. తర్వాత పడుకోలేడు, రాత్రంతా దిండ్లకానుకుని కూర్చునేవాడు. పిన్నీ నేనూ వంతులేసుకుని మేలుకునేవాళ్ళం. దవాఖానాకు తిప్పి తిప్పి మా ఇద్దరి కళ్ళూ గుంటలు పడ్డాయి. బొగ్గు జబ్బే, ముదిరింది అన్నారు డాక్టర్లు.

ఒకరోజు పిన్ని ఊడుస్తూ ఊడుస్తూ ఆ అర దగ్గర ఆగింది.

"ఈ వాసన ఏందే?"

నాక్కూడా తెలిసింది. తడిబొగ్గు, చెమట, మురిగిన నీళ్ళు.

"మీ బాబాయి బావి బట్టల వాసన. వాటిని కాలబెట్టి పదేండ్లాయె గదనే..."

జూలైలో ముసురు పట్టింది. ఒక సాయంత్రం ఏడు కాకముందే కరెంటు పోయింది. పిన్ని మందులకు వెళ్ళింది. వంటింట్లో కొవ్వొత్తి వెతుకుతున్నాను.

ముందు గదిలో... టక్. టక్. టక్.

చినుకులనుకున్నాను. కానీ లెక్క తప్పడం లేదు. మూడు. కాసేపు నిశ్శబ్దం. మళ్ళీ మూడు.

కొవ్వొత్తి వెలిగించి వచ్చాను. బాబాయి మంచం మీద కూర్చుని ఉన్నాడు. చూపు అర మీద. శబ్దం అక్కడినుంచే. అది ఆగగానే ఆయన వేలు మంచం పట్టె మీద కదిలింది.

టక్. టక్. టక్.

"ఎవరికి కొడుతున్నావు బాబాయ్?"

"హాతీరాంకి." గొంతు గాలిలా ఉంది. "నా దోస్తు. పక్క క్వార్టరే. ఎడమచేతి వాటపోడు. పొద్దుగాల లేస్తే మనింట్లనే చాయ్. మీ పిన్నిని వదినా వదినా అని... నీకు తెల్వదు. నువ్వు పుట్టకముందు."

దిండు పట్టుకుని దమ్ము తీసుకున్నాడు.

"బావిల పాత గ్యాలరీ సొరంగం నీళ్ళు తన్నుకొచ్చినయ్. బొగ్గుగోడకు ఇవతల నేను, అవతల ఆడు. కప్పు కింద జానెడు గాలి. మూతి కప్పుకానిచ్చి పీల్చినం. మూడు దెబ్బలు కొడితే నేనున్న అన్నట్టు. ఆడు కొట్టెటోడు, నేను కొట్టెటోణ్ణి. నన్ను బయటికి గుంజిన్రు. ఇంకెవలన్న ఉన్నరా అని అడిగిన్రు..."

"ఏమన్నవ్?"

"లేరన్న."

అరలోంచి మూడు దెబ్బలు.

"అప్పుడు గూడ ఇనవడ్డది బిడ్డా. గిట్లనే. ఉన్నడంటే దారి చూపెట్టనీకి మళ్ళ నన్నే దింపుతరని భయమైంది. శవం దొరకలే. బావి నీళ్ళు వాగులకే గద తోడుతరు. వాగు పోయి గోదాట్లె కలుస్తది. ఆడి ఇంటోళ్ళే పెట్టుంటరు ఆ రాయి."

కొవ్వొత్తి రాయి వెనక పెట్టాను. బుడగ చింతగింజంత అయింది. అది వణుకుతోంది. చిన్నదవుతోంది... పెద్దదవుతోంది. బాబాయి రొమ్ము కదిలినట్టే.

తెల్లారి మొదటి బస్సుకు రాయిని తువ్వాలులో చుట్టుకుని, బాబాయి రాళ్ళ సంచి భుజానేసుకుని బయల్దేరాను. గుడ్డ తడిసి నీళ్ళు ఒళ్ళోకి కారుతూనే ఉన్నాయి.

గోదావరి ఎర్రగా ఉబ్బుతోంది. దిబ్బలు మునిగాయి. మద్దిచెట్టు కింద వరస దాకా మాత్రం వరద ఇంకా రాలేదు. ఎర్రమ్మను పిలుచుకొచ్చాను. ఆమె రాయిని చూసి తిట్టలేదు. తిడితే బాగుండేది. చారెడు మన్ను తడిపి దానికి పూసింది. మన్ను జారిపోయింది. మళ్ళీ పూసింది. మళ్ళీ జారింది.

"వరస ఎంబడి పెట్టి పో" అంది. "నాలుగైదు దినాలల్ల నీళ్ళు ఈడికొస్తయ్. గోదారి ఏం జేస్తదో అదే జేస్తది."

అప్పుడే పిన్ని ఫోను. "బాబాయిని దవాఖానల షరీక్ చేసినం. ఆక్సిజన్ పెట్టినా ఆయాసం ఆగుతలేదే. జల్దీ రా."

"నాలుగు రోజులు ఆయన ఉండడవ్వా!" అరిచాను. "ఆయన ఊపిరి ఇందులో ఉంది, కండ్లకు కనపడుతోంది. పగలగొడితే బయటికొస్తది. అంతే కదా? అందులో తప్పేముంది, చెప్పు!"

"పగలగొట్టుడు గూడ గోదారి పనే" అంది ఎర్రమ్మ. "వచ్చేది ఎవలో నీకు తెల్వదు."

"ఇంకెవరొస్తరు? బుడగ ఆయనదే!"

ఎర్రమ్మ రెండడుగులు వెనక్కి జరిగింది. రెండోసారి కూడా నేనే గెలిచాను.

సంచిలోంచి రాళ్ళ సుత్తె తీశాను. ఒకటి. రెండు. మూడో దెబ్బకు రాయి నిలువునా విచ్చుకుంది. చెంచాడు నల్లటి నీళ్ళు ఇసుకలోకి ఇంకాయి. నా మొఖానికి చల్లటి గాలి తగిలింది. ఎవరో చాలాకాలం బిగబట్టి వదిలినట్టు... హా.

ఫోను మోగింది. పిన్ని ఏడుస్తోంది, నవ్వుతోంది. "లేచి కూసున్నడే! మాస్కు ఆయనే పీకేసిండు! ఊపిరి మంచిగ తీస్తున్నడు!"

ఇసుకలో కూలబడి నేనూ ఏడ్చాను. ఎర్రమ్మ మాత్రం ఆ నల్లటి మరక వంకే చూస్తోంది. రెండు చెక్కలనూ ఆమె ముట్టుకోలేదు, నేను కూడా అక్కడ వదల్లేకపోయాను.

మూడో రోజు బాబాయిని ఇంటికి తెచ్చాం. ఆటో దిగి ఆయాసం లేకుండా మెట్లెక్కాడు. అరలో ఉన్న తన రాళ్ళన్నింటినీ కొత్తగా చూసినట్టు చూశాడు.

"ఈ రాళ్ళు ఎవలయి?"

మందుల మత్తు అనుకున్నాను. పిన్ని వంటింట్లో చాయ్ పెడుతోంది. ఆయన గుమ్మం దాకా వెళ్ళి, మొహమాటంగా, బయటే నిలబడ్డాడు.

"వదినా... చాయ్ అయిందా?"

లోపల గ్లాసు కిందపడిన చప్పుడు. పిన్ని మెల్లగా వెనక్కి తిరిగింది. ఇంకో గ్లాసు తీసి, చాయ్ పోసి అందించింది. ఆయన ఎడమచేత్తో అందుకున్నాడు.

పిన్నీ నేనూ ఆ సంగతి ఇంతవరకు మాట్లాడుకోలేదు. ఆయన హాయిగా తింటాడు, పడుకుంటాడు, ఊపిరి బాగా తీస్తాడు. రిపోర్టులు చూసి డాక్టర్లు ఆశ్చర్యపోయారు. నేను కాలేజీలో మైకు పట్టుకోవడం మానేశాను. అలసిపోయాను, ఇంకేం లేదు.

రెండు చెక్కలూ నా మంచం పక్క కిటికీలో ఉన్నాయి. లోపలి గుహ ఎండిపోయి నున్నగా ఉంది. దగ్గరగా చూస్తే దాని గోడ మీద ఆవిరి పడుతుంది... పోతుంది. పడుతుంది... పోతుంది.

నిన్న చదువుకుంటుంటే అందులోంచి చప్పుడు వినిపించింది. మూడు దెబ్బలు కాదు.

టిక్, టిక్.