చైను లేని బండి వెనక కూసున్నది

నేను ఇంతకు ముందు ఎన్నడూ ఏం రాయలేదు. ఐదో తరగతితోని నా బడి బందైంది. చీటీల మీద ట్యూబులు, నట్లు, పంక్చరు ప్యాచుల పేర్లు రాసుకునుడు తప్ప ఈ చేతికి వేరే రాత తెల్వదు. నలుగురిల నోరు ఇప్పాలంటేనే నాకు చెమటలు పడ్తయ్. అయినా ఇది రాస్తున్న. ఎందుకంటే పాత చెక్‌పోస్టు ముచ్చటను మా దిక్కు మగోళ్లు ఒక్కొక్కడు ఒక్కో తీరుగ చెప్తున్నరు. చెప్పినప్పుడల్లా దయ్యం జానెడు పెరుగుతున్నది, చెప్పేటోడి మీసం మూరెడు లేస్తున్నది. వినీ వినీ రోత పుట్టింది.

ముందు ఆ జాగ సంగతి చెప్త.

మా తండా నుంచి బూర్గంపాడు పోయే అడవి తొవ్వల, టేకు చెట్ల నడుమ ఒక మలుపు ఉంటది. ఆడ పాత చెక్‌పోస్టు గది. తలుపు లేదు. కప్పు సగం కూలింది. ఎప్పుడో ఒక ఫారెస్టు వాచరు ఆ గదిల పాము కరిచి చచ్చిండంట. కట్టెల బండ్లను ఆపుడు ఆయన పని. చచ్చినా ఆ పని ఇడిసిపెట్టలేదంటరు — చీకటి పడ్డంక ఆ మలుపు దాటే బండ్ల వెంట పడ్తడంట. వెనక నుంచి మూలుగు ఇనబడ్తదంట...

దీనికి మావోళ్లు ఒక కట్టుబాటు కూడ పెట్టుకున్నరు. మూలుగు ఇనబడ్డదా — బండి ఆపొద్దు. వెనక్కి తిరిగి చూడొద్దు. ఇంకింత జోరుగ ఉరికియ్యాలె. ఆపితే వాచరు ఎక్కి వెనక సీటు మీద కూసుంటడు. మా దిక్కు బండి నేర్పేటప్పుడు బ్రేకు ఏడున్నదో తర్వాత చెప్తరు, ఇది ముందు చెప్తరు.

ఇరవై ఏండ్లల్ల ఎవల వెనక ఎక్కి కూసున్నడో పేరు చెప్పుమంటే మాత్రం ఒక్కడు చెప్పడు.

రెండు వేల ఏడు, కార్తీకం నెల.

జయప్రకాశ్ అని, చెంచురామయ్య గారి కొడుకు. వాళ్లు తాతల కాలంల కోస్తా నుంచి వచ్చి మా దిక్కు భూములు కొన్నోళ్లు. మిరప తోటలు, ఖమ్మంల ఎరువుల దుకాణం. ఈయన ఆ ఏడు హైదరాబాద్‌ల ఎవరి కాడనో ఒక ఫారిన్ మోటరుసైకిల్ బండి కొన్నడు, వాడినదే. పాలిచ్చే బర్రె అంత ఉంటది. రెండు దిక్కుల రెండు పెట్టెలు. దానికి చైను ఉండదు. గొట్టం లోపల ఒక రాడ్డు తిరిగి వెనక చక్రాన్ని తిప్పుతది. దాని మీద అరకు పోయొచ్చిన, గోవా పోయొచ్చిన అని చెప్పుడు ఆయన పని. నోరు తెరిచి వినుడు మావోళ్ల పని.

మాది తొవ్వ మీద పంక్చర్ల దుకాణం. బోర్డు మీద నా పెనిమిటి సోమ్లా పేరు ఉంటది. ఇరవై రెండేండ్ల సంది పానాలు అందిచ్చింది, చక్రాలు పట్టుకున్నది మాత్రం నేను. చక్రం చేతిల తిరిగితే లోపల బేరింగు గోలీలు బాగున్నయా, అరిగినయా నాకు తెలుస్తది.

ఆ దినం పొద్దు గూకంగ జయప్రకాశ్ వచ్చి బండి ఆపిండు.

"ఏమయ్యా సోమ్లా, వెనక గాలి చూడు. భద్రాచలంలో ఫ్రెండ్స్ ఎదురు చూస్తున్నారు."

నేను చక్రం కాడ కూసున్న. పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వెట్టి కదిపితే — ఊగింది. ఊగొద్దు. రిమ్ము మీదికి నల్లగ ఆయిల్ కారింది. వేలితోని తుడిచి చూస్తే అండ్ల అభ్రకం పొడి లెక్క మెరుపులు.

సోమ్లా చెవుల చెప్పిన. "లోపల బేరింగు పోయింది. ఈ రాత్రి పోవద్దను."

సోమ్లా గొంతు సవరించుకున్నడు. "సార్... జర ఆయిల్ కారుతున్నట్టున్నది..."

"ఇది ఏ దేశపు బండో తెలుసా నీకు? మోపెడ్లకు పంక్చర్లేసే మొహం నువ్వూను. గాలి కొట్టు, చాలు."

"అట్లనే సార్," అని మావోడు పండ్లన్ని బయటవెట్టి నవ్విండు. తిట్టిచ్చుకొని నవ్వేటోళ్లంటే నాకు గిట్టదు. కానీ నేను చేసిందేంది? కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లోపలికి పోయిన. వాళ్లిద్దరికంటే ఎక్కువ నన్ను నేనే తిట్టుకున్న.

ఇగ అవతల జరిగింది జయప్రకాశ్ నోటి మాటే. పదిమందికి పదిసార్లు చెప్పిండు.

చెక్‌పోస్టు మలుపు ఇంకా కొంచెం దూరం ఉన్నదంట. ఆకు కదలట్లేదు. లైటు ఎలుతురుల టేకు మొద్దులు తప్ప ఏం లేవు. అప్పుడు... వెనక నుంచి...

మ్మ్... గుర్ర్... మ్మ్...

అద్దంల చూసిండు. ఎవలు లేరు.

బండి మెల్లగ చేసిండు. మూలుగు మెల్లగైంది. జోరు చేసిండు. మూలుగు కూడ జోరైంది — ఆయన చెవి పక్కనే, పండ్లు కొరికినట్టు. ఆ తర్వాత వెనక సీటు బరువైందంట. ఎవలో కూసొని నడుము అటొకసారి, ఇటొకసారి ఊపినట్టు... బండి తోక తొవ్వ మీద ఒరుగుతున్నది. ఏదో మాడిన వాసన. కుడికాలు మడమకు సెగ.

గోవా దాక పోయొచ్చిన మొగోడు కదా, దిగి ఒక్కసారి చూడొచ్చు. చూడలే. మా తండా కట్టుబాటు యాదికొచ్చింది. ఆపొద్దు... తిరగొద్దు... ఇంకింత ఉరికిచ్చిండు.

మలుపు తిరిగిండు. పాత గది ముందట, తొవ్వ నడుమ — ఒక ముసలామె. చేతిల లాంతరు. తెల్లటి జుట్టు ఇరబోసుకొని, రెండో చెయ్యి పైకెత్తి ఊపుతున్నది.

"ఆపూ...!"

అంతే. వెనక చక్రం పట్టేసింది. బండి జరజర ఈడ్చుకుంట పోయి పక్క గుంతల పడ్డది.

ఆ ముసలామె దయ్యం కాదు. మా తండా మనిషే, పేరు గోరి. మొగడు లేడు, పిల్లలు లేరు. చెక్‌పోస్టు పక్కన జొన్న చేను చేసుకుంటది, అడవిపందులు రాకుండ రాత్రిళ్లు మంచె మీద డబ్బా కొట్టుకుంట కూసుంటది. బండి వెనక పొగ, నిప్పురవ్వలు చూసి దూకి వచ్చింది. గుంతల పడ్డ మనిషిని రెక్క పట్టి బయటికి గుంజింది, నీళ్లు తాపింది, వచ్చిన ట్రాక్టరు ఆపి ఎక్కిచ్చింది.

దానికి ఆయన ఏం చేసిండంటే — దవాఖానాల భుజానికి కట్టు కట్టిచ్చుకొని, మూడో దినం తండ్రిని ఎంటేసుకొని తండాకొచ్చి, "ఆమె చెయ్యెత్తగానే బండి ఆగిపోయింది. ఆ మూలుగు కూడా ఆమెదే," అన్నడు.

ఫారిన్ బండి చెడిపోతదా? చెడిపోదు. అందుకని ముసల్ది మంత్రగత్తె కావాలె.

మా తండా పెద్ద, నాయక్ పూల్‌సింగ్ తలకాయ ఊపిండు. పెద్దోళ్లు ఏం చెప్పినా ఊపే తలకాయ అది. "నేను గూడ అనుమానపడుతనే ఉన్న. రాత్రంతా అడివిల ఒక్కతే ఏం చేస్తదంటరు? రేపు పొద్దున బండి కాడనే పూజ చేద్దం. ముందటి పండ్లు పీకి తండా దాటిద్దం. పండ్లు లేకపోతే మంత్రం పలకదు."

గోరి ఏడ్వలే. "పందులను కొట్టేతందుకే నాకు రాత్రి సాల్తలేదు, ఇంక మంత్రాలా?" అన్నది. ఎవ్వడు నవ్వలే. ఆమెను నాయక్ ఇంటి ముందటి కొట్టంల కూసోవెట్టి కాపలా పెట్టిన్రు.

బండి మా దుకాణం ముందటనే ఉన్నది. ట్రాక్టరుల తెచ్చి స్టాండు మీద నిలవెట్టి పోయిన్రు. దాని దగ్గరికి కుక్క కూడ పోతలేదని చెప్పుకుంటున్నరు. కుక్క పోయింది, నేను చూసిన, టైరు మీద కాలెత్తి పోయింది.

ఆ రాత్రి లేచిన. సోమ్లా దుప్పట్ల నుంచే అన్నడు, "ముట్టకే... నీక్కూడ పడ్తది."

"పడనీ."

టార్చి కింద పెట్టిన. అబద్ధమెందుకు, నేను కూడ ఒకసారి వెనక్కి తిరిగి చూసిన. చక్రం బిగుసుకొని ఉన్నది. గేరు న్యూట్రల్ చేసి, కాలితోని ఒక్కటి తన్నిన. కదిలింది. రెండు చేతులతోని తిప్పిన...

మ్మ్... గుర్ర్... మ్మ్...

తిప్పుడు ఆపిన. మూలుగు ఆగింది. మళ్ల తిప్పిన. మళ్ల మూలిగింది.

ఇంతేనా! ఈ బేరింగు ముక్క కోసమా ఒక ముసలామె పండ్లు పీకుతమన్నది!

పొద్దున అందరు వచ్చిన్రు. పూల్‌సింగ్ బుట్టెడు నిమ్మకాయలు, పసుపు, కుంకుమ పట్టుకొచ్చిండు. పటుకారు కూడ తెచ్చిండు. అది మా దుకాణందే, సోమ్లాను అడిగి తీస్కున్నరు. ఈయన ఇచ్చిండు! గోరిని బండి ముందట కూసోవెట్టిన్రు.

నేను మాట్లాడుదమనుకున్న. గొంతు రాలే. పటుకారు గోరి మూతి దగ్గరికి పోతున్నది.

మాట రాకపోతే చేతులున్నయ్ కదా. పోయి బండి ఎనక కూసొని చక్రం తిప్పిన.

మ్మ్... గుర్ర్... మ్మ్...

పట్టపగలు, అంతమంది మగోళ్లు, ఒక్కసారి ఎనకకు ఉరికిన్రు. పూల్‌సింగ్ పటుకారు జారిపోయింది. అందరికంటే దూరం ఉరికింది జయప్రకాశ్.

"అదే! అదే సౌండ్ నాన్నా!"

చెంచురామయ్య గారు కొడుకును చూసిండు, చక్రాన్ని చూసిండు. ఆయన మొఖం నల్లగైంది.

నేను బేసిను కింద వెట్టి, చక్రం నడుమ గుండు లెక్కున్న ఇనుప డబ్బ కింది బోల్టు ఇప్పిన. నల్లటి ఆయిల్ కారింది. దాంట్ల ఇనుప పొడి మెరుస్తున్నది. ఎనకనే తునిగిన రేకు ముక్కలు రెండు, సగం ఇరిగిన గోలీ ముక్క ఒకటి వచ్చి బేసిన్ల పడ్డయ్.

జయప్రకాశ్ దగ్గరికొచ్చి బేసిన్లకు తొంగిచూసి సన్నగ అన్నడు, "మరి... కరెక్టుగా ఆమె చెయ్యి ఊపినప్పుడే ఎందుకు పట్టేసింది?"

అప్పుడొచ్చింది నా గొంతు. ఏడ దాసుకున్నదో, మొత్తం ఒక్కపారి వచ్చింది.

"ఆమెను చూసి నువ్వు బ్రేకు తొక్కినవ్ గనక! ఇరిగిన బేరింగు ఆ దెబ్బకే పట్టేసింది. తొక్కకపోతే ఇంకా జోరుగ ఉరికిస్తుంటివి. అప్పుడు పట్టేస్తే మీ నాన్న ఇయ్యాల నీ దినం పెట్టుకునేటోడు. నీ పానం కాపాడిన మనిషి పండ్లు పీకుతవా? థూ!"

చెంచురామయ్య గారు కొడుకు మంచి చెయ్యి పట్టుకొని జీపు ఎక్కిచ్చిండు. గోరి దిక్కు చూడలే. తప్పైందని ఒక్క మాట అనలే. అంత పెద్దోళ్లకు ఆ చిన్న మాట దొరకలేదు కావచ్చు.

పూల్‌సింగ్ మాత్రం ఇంకా నిలవడ్డడు. "తెచ్చినం కదా... నిమ్మకాయలన్నా కోద్దం. శాంతి అయితది."

"కోద్దం," అన్న.

బుట్ట గుంజుకొని ఇంట్లకు తెచ్చిన. గోరి చెయ్యి పట్టి పొయ్యి కాడ కూసోవెట్టిన. నిమ్మకాయలన్ని కోసి, రసం పిండి, ఇంత పసుపేసి పులిహోర కలిపిన. దయ్యానికి తెచ్చినయ్ తింటే ఏమైతదోనని సోమ్లా గడప అవతలనే నిలవడ్డడు.

గోరి రెండుసార్లు పెట్టిచ్చుకొని తిన్నది. ముందటి పండ్లతోనే.