చప్పుడు లేని ఫిల్టర్

ఉదయం ఎనిమిదింపావుకు ఇన్‌స్పెక్టర్ ఆ ఇంట్లో అడుగు పెట్టేసరికి శవం ఇంకా అక్వేరియం పక్కనే ఉంది.

రిటైరైన రైలు డ్రైవర్. అరవై దాటిన మనిషి. చొక్కా కుడి చేయి భుజం దాకా మడిచి ఉంది. చేయి తడి. కాళ్ల కింద నేల తడి, పక్కన నీళ్లు తోడే బకెట్. కాళ్లకు చెప్పులు లేవు.

వెనుక గోడ పొడవునా నాలుగు వందల లీటర్ల గాజు ట్యాంకు. చేపలన్నీ బతికే ఉన్నాయి.

"షాక్ కొట్టింది సార్," అన్నాడు కానిస్టేబుల్. "చేపలకేం కాలేదు, మనిషి పోయాడు."

"నేల మీద నిలబడింది మనిషే కదా."

"కేసు రెడీ సార్. ముద్దాయి వంటింట్లో ఉన్నాడు. తప్పంతా తనదేనంటున్నాడు."

అడగకుండానే ఒప్పుకునే ముద్దాయి అంటే ఇన్‌స్పెక్టర్‌కు మొదటినుంచీ అనుమానం. పది నిమిషాల పంచనామాకు పూట పట్టిస్తాడని స్టేషన్‌లో ఆయనకు నత్త అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. ట్యాంకు అద్దం మీద నిజం నత్త ఒకటి పాకుతోంది. కానిస్టేబుల్ దాన్ని చూసి, ఆయన్ను చూసి, గబుక్కున తల తిప్పుకున్నాడు.

శవాన్ని పోస్ట్‌మార్టంకు పంపించి ఇన్‌స్పెక్టర్ వంటింట్లోకి వెళ్లాడు.

ముద్దాయి చనిపోయినాయన బావమరిది. వీధి చివర అక్వేరియం షాపు అతనిది. నిన్న సాయంత్రం కొత్త ఫిల్టర్ తెచ్చి బిగించింది అతనే. పొద్దున అక్క కేక విని అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చి మెయిన్ ఆపిందీ అతనే.

"పాత ఫిల్టర్‌కేమైంది?"

"చిన్నది సార్. ఇంత పెద్ద ట్యాంకులో నీళ్లన్నీ గంటకి నాలుగైదుసార్లు ఫిల్టర్‌లోంచి తిరగాలి. పాతది అందులో సగం కూడా తిప్పలేకపోయేది."

"కొత్తది?"

"సెకండ్‌హ్యాండ్. కొత్తదని చెప్పి అమ్మాను. మోటార్‌లోంచి కరెంట్ లీకైంది."

"నీళ్లు వెచ్చబెట్టే హీటర్ గాజు కూడా పగిలింది."

"పడిపోతూ బావ చెయ్యి తగిలుంటుంది. హీటర్ ఆపేసే ఉంది. అక్క ఆపింది."

"సరే."

"అక్కే ఆపింది సార్."

ఆ మాట రెండోసారి ఎవరూ అడగలేదు.

అక్క పడకగదిలో మంచం అంచున కూర్చుని ఉంది. ఇంకా ఏడవలేదు. ఏడుపు రావడానికి ముందు మనిషి కళ్లు ఎలా ఉంటాయో ఈ ఉద్యోగంలో ఇన్‌స్పెక్టర్ చాలాసార్లు చూశాడు. అయినా అలవాటు కాలేదు.

"నీళ్లు మార్చే రోజు ఏం చేస్తారమ్మా?"

"ఆయన ట్యాంకు దగ్గరుంటారు. నేను గోడకి అటువైపు, వెనక గదిలో స్విచ్ బోర్డు దగ్గర. ఇంజన్‌లో ఇద్దరు డ్రైవర్లు సిగ్నల్ చూసి ఒకరికొకరు పైకి చెప్పుకుంటారట. ఇంట్లోనూ అదే పద్ధతి పెట్టారు. ఆయన 'హీటర్?' అంటారు. నేను స్విచ్ ఆపి 'ఆఫ్' అంటాను. అప్పుడే నీళ్లు తోడతారు."

"హీటర్ ముందే ఎందుకు ఆపడం?"

"నీళ్లు తగ్గితే బయటపడుతుంది కదా. ఆన్‌లో ఉంటే కాలిపోతుంది. మళ్లీ చన్నీళ్లు పోసినప్పుడు గాజు పగులుతుంది."

"ఆన్‌లో ఉంటే దానికి ఎర్ర లైటు వెలుగుతుందిగా. ఆయన చూసుకోరా?"

"నా మాట ఉండగా లైటెందుకు అనేవారు."

"ఇవాళ ఏ స్విచ్ ఆపారు?"

"ఎడమది. పన్నెండేళ్లుగా ఎడమది హీటర్, కుడిది ఫిల్టర్." ఆవిడ వంటింటి వైపు చేయి చూపించింది. "తోడబుట్టినవాడు సార్. నాసిరకం సరుకు అంటగట్టి మా ఆయన్ని పొట్టన పెట్టుకున్నాడు. వాడి మొహం నాకు చూపించకండి."

ఇన్‌స్పెక్టర్ వెనక గదిలోకి వెళ్లాడు. ట్యాంకు వైర్లు గోడకున్న రంధ్రంలోంచి వచ్చి బోర్డులో కలుస్తున్నాయి. ఎడమ సాకెట్‌లో హీటర్. దాని వైరు వదులుగా వేలాడుతోంది. కుడి సాకెట్‌లో ఫిల్టర్. దాని వైరు బట్టలారేసే తీగలా బిగిసిపోయి ఉంది.

మళ్లీ ముందు గదికి వచ్చి ట్యాంకు కింద అలమర తెరిచాడు. డబ్బాలా ఉండే కొత్త ఫిల్టర్ అందులో గోడ వైపు ఒరిగి ఉంది. నిన్న పెట్టినచోట తడి మరక గుండ్రంగా మిగిలింది. మరక ఒకచోట, డబ్బా జానెడు అవతల.

చొక్కా చేయి మడిచి, పగిలిన హీటర్ బయటికి తీశాడు. దాన్ని అద్దానికి అంటించే రబ్బరు కప్పుల్లో కిందది బాగానే ఉంది. పైది కరిగి గాజుకు అతుక్కుపోయింది.

"సార్, బావమరిది మీద రాసేయనా?" అన్నాడు కానిస్టేబుల్.

"ఉండు."

కేసు తేలిపోయింది. మామూలుగా అయితే ఇప్పుడు టీ అడిగేవాడు. ఇవాళ అడగలేదు.

బావమరిదిని వెనక గదిలోకి పిలిచి తలుపు చేరవేశాడు.

"కొత్త ఫిల్టర్ వైరు పొట్టి. కుడి సాకెట్‌కు అందదు. అందుకే నిన్న దాన్ని ఎడమలో పెట్టి, హీటర్‌ను కుడికి మార్చారు. అవునా?"

అతని చూపు బిగిసిన వైరు మీదికి వెళ్లింది.

"పొద్దున మెయిన్ ఆపాక డబ్బాను జరిపి, వైరు లాగి, ప్లగ్గులు మళ్లీ పాత వరసలో పెట్టారు. వైరు చూశాను. మరక చూశాను. కానీ రబ్బరు సంగతి మీరు మర్చిపోయారు. ఆపేసిన హీటర్ రబ్బరు కరగదు. హీటర్ కాలుతూనే ఉంది. ఆగింది ఫిల్టర్. చన్నీళ్లు పోయగానే కాలిన గాజు పగిలి, నీళ్లలోకి కరెంట్ వచ్చింది."

అతను గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు.

"మెల్లగా సార్. అక్క వింటుంది."

"మీ సరుకు మంచిదేగా?"

"షాపులో అంతకంటే మంచిది లేదు. ప్లగ్గులు మార్చానని బావకు చెప్పాను. స్టిక్కర్ అంటిస్తానన్నాను. 'మీ అక్క ఈ ఇంటి స్టేషన్ మాస్టర్‌రా, రాతలు పెడితే చిన్నబుచ్చుకుంటుంది, నేను చెబుతాలే' అన్నాడు. మర్చిపోయాడు." అతను రెండు చేతులూ జోడించాడు. "నన్ను తీసుకెళ్లండి. నేను రెండేళ్లకో మూడేళ్లకో బయటికొస్తాను. అక్క ఇందులోంచి ఎప్పటికీ బయటికి రాలేదు."

"జన్మలో మీ మొహం చూడదు."

"చూడకపోతే పోనివ్వండి. రాత్రిపూట నిద్రపోతే చాలు."

ముందు నుయ్యి, వెనుక గొయ్యి. నిజం రాస్తే అక్క, అబద్ధం రాస్తే తమ్ముడు. నిజం కనిపెట్టినందుకు ఇన్‌స్పెక్టర్‌కు తన మీద తనకే కోపం వచ్చింది. కానిస్టేబుల్ మాట విని ఎప్పుడో రాసేసి ఉంటే బాగుండేది.

తలుపు కిర్రుమంది. అక్క గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి ఉందో ఎవరూ అడగలేదు. ఆవిడ బిగిసిన వైరునే చూస్తోంది.

"పాత ఫిల్టర్ గురక పెట్టేది," అంది. "నాకు నిద్ర పట్టేది కాదు. చప్పుడు లేనిది కావాలని ఆయన్ని పోరింది నేనే. నాకోసమే తెప్పించారు."

"అక్కా..."

"పాతదే ఉంటే, తప్పు స్విచ్ ఆపగానే గురక ఆగిపోయేది. నాకు తెలిసిపోయేది. 'ఆఫ్' అనేదాన్ని కాదు."

"ఇది ప్రమాదమమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ప్లగ్గులు మారిన సంగతి మీకెవరూ చెప్పలేదు. నేను అదే రాస్తాను."

ప్రతి మాటా నిజమే. ఒక్కటీ ఆవిడకు పనికి రాలేదు.

ఆవిడ వచ్చి తమ్ముడి పక్కన నేల మీద కూర్చుంది. చూపించొద్దన్న మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని చూసింది. అప్పుడు వచ్చింది ఏడుపు. ఇన్‌స్పెక్టర్ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆయన కళ్లూ తడిశాయి.

చాలాసేపటికి బయటినుంచి కానిస్టేబుల్ గొంతు వినిపించింది. "సార్, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. గాలి ఆడట్లేదేమో."

"ఆయన చేపలు," అంటూ అక్క లేచింది.

హీటర్‌ను కానిస్టేబుల్ సంచిలో కట్టాడు. తమ్ముడు ఫిల్టర్‌ను పాత మరక మీదికి జరిపి, దాని ప్లగ్గు ఎడమలో పెట్టి, ట్యాంకు దగ్గర నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టర్ మెయిన్ వేశాడు. అక్క బోర్డు దగ్గరకు వెళ్లింది.

"ఫిల్టర్?" అన్నాడు తమ్ముడు.

ఆవిడ వెంటనే స్విచ్ నొక్కలేదు. ప్లగ్గు దగ్గరనుంచి వైరు వెంబడే వేలు పెట్టి రంధ్రం దాకా వెళ్లింది. గోడ చుట్టూ తిరిగి వచ్చి, అలమరలో ఆ వైరు ఫిల్టర్‌కే చేరిందని కళ్లతో చూసుకుంది. మళ్లీ బోర్డు దగ్గరకు వెళ్లి నొక్కింది.

"ఆన్."

ట్యాంకులో నీళ్లు కదిలాయి. చేపలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. గోడకు అటువైపు ఆవిడ చెవి ఆనించి, ఊపిరి బిగపట్టి వింటూ నిలబడింది. ఫిల్టర్ నిజంగానే మంచిది. ఏమీ వినిపించలేదు.