గోడకు అవతలి వీపు

ఎండకట్టు సైరన్ మోగింది. ఇక పొద్దు వాలేదాకా రెంటచింతల వీధుల్లో మనిషన్నవాడు కనిపించకూడదు. దమయంతి చాప పరిచి, చలువగోడకు వీపు ఆనించింది. నిన్నటిలాగే గోడంతా ఒకటే చల్లదనం. ఆవిడ మనసు ఉసూరుమంది.

గోడకు అవతల తోడికోడలు శేషుకుమారి కాపురం. ఇల్లు పంచుకున్నప్పుడు అన్నదమ్ములు ఖర్చు కలిసొస్తుందని మధ్యలో పలచటి చలువగోడ ఒకటే కట్టించారు. దాని లోపలి కాలువల్లో పారే నీళ్ళు రెండిళ్ళ వేడినీ లాక్కుపోతాయి. దమయంతి పెట్టిన ఆవకాయలో ఉప్పెక్కువైందని శేషు చుట్టాల ముందు అన్ననాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. అయితేనేం! శేషు అటు ఆనుకుంటే ఇటు వీపంత మేర గోరువెచ్చగా తగిలేది. ‘వచ్చి కూర్చుంది మహాతల్లి’ అనుకున్నాకే దమయంతికి కునుకు పట్టేది. ఎవరితోనైనా అంటే నామోషీ కదూ!

నిన్న పొద్దున చలువగోడల మేస్త్రీ ఏసోబు వచ్చి, దమయంతి వైపు నుంచే గోడలో గట్టుకాలువలు బిగించాడు.

“పాతవి నున్నగా ఉండేయమ్మా, నీళ్ళు వేడి అందుకోకుండానే జారిపోయేయి. వీటి లోపల అడ్డంగా సన్న గట్లుంటాయి. నీళ్ళు వాటికి తగిలి, సుడి తిరిగి, వేడంతా ఊడ్చుకుపోతాయి. అటు పొయ్యెలిగించినా ఇటు తెలవదు!” అన్నాడు సంబరంగా.

నిజమే, ఏమీ తెలియడం లేదు. శేషు గుండెకు మందులు మింగుతోందని మొన్ననే విన్నది. మాటబిళ్ళలో పిలుద్దామంటే, గొడవైన రోజే శేషు ఈవిడ పిలుపు అందకుండా కట్టేయించింది. మనిషి ఎలా ఉన్నట్టు?

ఇక ఉండలేక తడితువ్వాలు నెత్తిన వేసుకుని గడప దాటింది. నిప్పులు చెరిగే ఎండ. “లోపలికి వెళ్ళండి!” అని వీధి స్తంభం మీది కాపలాకన్ను అరిచింది.

“నోర్ముయ్!” అని దమయంతి పక్క తలుపు బాదింది.

తలుపు తీసిన శేషు కళ్ళు వాచి ఉన్నాయి. “అక్కా! ఇంత ఎండలోనా? బుద్ధుందా నీకు?” అంటూ చెయ్యి పట్టి లోపలికి లాగింది.

“నువ్వు బాగున్నావా? ముందది చెప్పు.”

“నాకేం, బానే ఉన్నా. నిన్నట్నుంచీ గోడ చల్లబడిపోయింది. నా మీద కోపంతో చోటు మార్చావనుకున్నా. అన్నం సయించలేదు.”

దమయంతి నెత్తిమీది తువ్వాలు లాగేసింది. ఇన్నేళ్ళూ ఆ వెచ్చదనం తనకొక్కదానికే తెలుసనుకుంది, పిచ్చిది! ఏడుపూ నవ్వూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. శేషు వెళ్ళి గోడవారన చాప మీద కూర్చుంది. దమయంతి కళ్ళు తుడుచుకుని ఆ పక్కనే చతికిలబడింది.

“కాస్త జరుగు,” అంది, “నన్నూ ఆనుకోనీ.”