వీపు వెనక చెయ్యి

గౌరునాయుడు ఎడమ బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. పొద్దున్నుంచి అతను చేసిన పనుల్లో అవసరం లేనిది అదొక్కటే కాదు. రాకెట్టు పిడికి కొత్త పట్టీ చుట్టాడు. ఒళ్ళు వేడెక్కేదాకా మైదానం చుట్టూ పరుగెత్తాడు. జతగాడు దానియేలుతో కలిసి అరగంట సేపు బంతులు కొట్టాడు. ఇంత చేసినవాడు ఆట కూడా ఆడతాడని ఎవరైనా అనుకుంటే, ఆ మనిషి నూరో స్థానానికి దిగువన ఎన్నడూ బతకలేదన్నమాట. అక్కడి ఆటల్లో ఫలితం ముందే ఎంత ఖాయమో చెప్పే నిశ్చయాంకం నూటికి అరవై దాటితే చాలు, ఇక బంతితో పనిలేదు. గణకమే గెలుపోటములు తేల్చేస్తుంది.

భీమిలి మీద మంచు ఇంకా విడలేదు. సముద్రం వినిపిస్తోంది గాని కనిపించడం లేదు. ఆ తెల్లదనంలోంచి ఫలకం మీద అక్షరాలు ఒక్కొక్కటే తేలాయి. నిశ్చయాంకం తొంభై నాలుగు. గౌరునాయుడు, దానియేలు జంట ఓటమి, 4–6, 6–7.

"అయిపోనాదేటి?" అన్నాడు దానియేలు కళ్ళు చికిలించి. అతనికి ఫలకం మీది అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయి.

"అయిపోనాదన్నా. రెండో సెట్టు టైబ్రేక్ దాకా లాగేమంట."

"పర్లేదు. బాగానే ఆడేం."

గౌరునాయుడు నవ్వబోయి ఆగిపోయాడు. ఫలకం మీద ఇంకో వాక్యం వచ్చింది. స్థానం రెండు వందల నాలుగు, జంట రద్దు. గౌరునాయుడుకు కొత్త భాగస్వామి. దానియేలుకు జాబితా నుంచి సెలవు. కరస్పర్శతో అమలు.

అతను దాన్ని చదివి వినిపించాడు. తడబడకుండా చదవగలిగినందుకు తనమీద తనకే కోపం వచ్చింది. దానియేలు కాసేపు సముద్రం ఉండవలసిన వైపు చూశాడు.

"నీకు మంచిదేరా గౌరూ. కుర్రోణ్ణి ఇత్తారు. వందలోకి ఎల్తావు."

పదకొండేళ్ళుగా వాళ్ళది ఒకే జంట. ఆడినవి నాలుగు వందల పైచిలుకు ఆటలు. బంతి ముట్టుకున్నవి ముప్పై తొమ్మిది. తక్కినవన్నీ కలగదిలో గణకం ఇచ్చిన కలలుగా గుర్తుంచుకున్నవే. కొచ్చిలో వానలో గెలిచిన ఆటంటే గౌరునాయుడుకు మహా ఇష్టం. ఆ రోజు కొచ్చిలో చినుకైనా పడలేదని తర్వాతెప్పుడో తెలిసింది. తెలిసినా ఏం లాభం, తడిసిన మేజోళ్ళ చల్లదనం ఇప్పటికీ అతని పాదాలకు గుర్తుంది. గెలిచాక దానియేలు తన మెడ చుట్టూ చెయ్యి వేసిన బరువు కూడా గుర్తుంది. ఆ బరువు ఒట్టిదని అనుకోవడానికి మనసొప్పదు.

కలగదిలో నాలుగు పడకలు. ఎదుటి జంట అప్పటికే పడుకుని ఉంది. ఇద్దరూ పాతికేళ్ళ లోపు వాళ్ళే. వాళ్ళలో మణికంఠ అనే కడప కుర్రాడు గౌరునాయుడును చూసి లేవబోయి, కల చూపించే నుదుటి పట్టీ అడ్డం వచ్చి, పడుకునే నమస్కారం పెట్టాడు. ఓడిన ఆటైనా, గెలిచిన ఆటైనా నలుగురూ కలగనాలి. కల లేని ఫలితం ఒంటికి అంటదని గణకం నమ్మకం.

కళ్ళు మూతపడగానే ఎండ వచ్చింది. కలల్లో ఎప్పుడూ ఎండే, కొచ్చిలో తప్ప. బంతులు నెమ్మదిగా, తేనె రంగులో ఎగిరొస్తున్నాయి. గౌరునాయుడు ఒళ్ళు పద్దెనిమిదేళ్ళ ఒళ్ళులా తేలికగా ఉంది. ఓడిపోతామని తెలిసి ఆడడంలో కూడా ఒక సుఖం ఉంది, దాన్ని అతను ఎవరికీ చెప్పుకోలేదు. మొదటి సెట్టు పోయింది. రెండోది టైబ్రేక్‌కి వచ్చింది. ఆఖరి పాయింటుకి దానియేలు సర్వీసు. గౌరునాయుడు వల దగ్గర వంగి నిలబడి, ఎప్పటిలాగే చెయ్యి వీపు వెనక పెట్టాడు. ఎదుటివాళ్ళకు కనబడకుండా వెనకనున్న జతగాడికి సైగ చెయ్యడం జంటలాట పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. ఒక వేలు చూపిస్తే ఇక్కడే ఉంటానని. రెండు వేళ్ళు చూపిస్తే అవతలికి దాటుతానని, నేను ఖాళీ చేసిన సగం నువ్వు కాయమని. అతని చెయ్యి రెండు వేళ్ళు చూపించింది. దానియేలు చికిలించి చూశాడు. అతని కళ్ళకు ఒక్క వేలే కనబడింది. గౌరునాయుడు దాటాడు, దానియేలు కదల్లేదు, బంతి ఖాళీ సగంలో మెత్తగా పడింది.

మెలకువ వచ్చేసరికి గౌరునాయుడు కళ్ళు తడిగా ఉన్నాయి. కాసేపు ఏడ్చినవాడిలాగే పడుకున్నాడు. ఇన్ని కలల్లో ఎన్నడూ రాని అనుమానం ఉన్నట్టుండి వచ్చింది. వేళ్ళేమిటి?

ఆరు నెలల కిందట తీరం గట్టు మీద కూర్చుని ఇద్దరూ మురీ మిక్చర్ తింటున్నప్పుడు, దానియేలు పొట్లంలోకి చూస్తూ చెప్పాడు, నీ వేళ్ళు ఒకటో రెండో నాకు తెలీడం నేదురా అని. ఆ మాట చెప్పడానికి అతనికి ఎన్నాళ్ళు పట్టిందో గౌరునాయుడు అడగలేదు. అయితే ఇక వేళ్ళొద్దని తనే అన్నాడు. పిడికిలి బిగిస్తే ఉన్నట్టు, అరచెయ్యి తెరిస్తే దాటినట్టు. ఆ పూటే ఇసకలో వంద సార్లు చేసి చూసుకున్నారు. ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ తర్వాత వాళ్ళకు నిజం ఆట రానేలేదు. గణకానికి దానియేలు కంటి పరీక్ష తెలుసు. గట్టు మీది సంగతి తెలియదు.

"అన్నా," అన్నాడు మైదానంలోకి నడుస్తూ. "కలలో నాను వేళ్ళు సూపించేను."

దానియేలు ఆగాడు. "నానూ సూసేను. అవి మానేసేం కదా."

"మానేసేం. గణకానికి సెప్దామా?"

"సెప్తే ఏటవుతది? మళ్ళీ లెక్కేసి ఇంకో కల ఇత్తారు. పద, సేతులు కలిపేసి టీ తాగుదాం." అతని గొంతులో కోపం లేదు. గౌరునాయుడు తట్టుకోలేకపోయింది అదే.

నలుగురూ వల దగ్గరికి నడిచారు. దానియేలు మోకాలు పట్టేసి నాలుగడుగులు వెనకబడ్డాడు. ఆట అయ్యాక వల మీదుగా చేతులు కలపడం గణకం పుట్టకముందు నుంచీ ఉన్న మర్యాద. గణకం దాన్నే ముద్రగా పెట్టుకుంది. నాలుగు అరచేతులూ తగిలితేనే ఫలితం నిలుస్తుంది. తగలకపోతే ఏమవుతుందో ఎక్కడా రాసి లేదు, అంత మొరటుపని ఎవరూ చెయ్యలేదు మరి. గౌరునాయుడు కూడా ఎదుటివాడు చెయ్యి చాస్తే తన చెయ్యి దాచుకునే రకం కాదు.

"బాగా ఆడారు సార్," అని మణికంఠ చెయ్యి చాపాడు.

"మనం ఆడలేదు బాబూ," అన్నాడు గౌరునాయుడు. అతని కుడిచెయ్యి ముందుకు లేచి, సగంలో ఆగి, వీపు వెనక్కి వెళ్ళింది. అక్కడ అరచెయ్యి పూర్తిగా తెరుచుకుంది.

వెనక దానియేలు అడుగుల చప్పుడు ఆగిపోయింది. గౌరునాయుడు తిరిగి చూడలేదు. వల దగ్గర నిలబడ్డవాడు వెనక్కి చూడడు, ఈ పనిలో మొదటి పాఠం అదే. కాసేపటికి రాకెట్టు తీసుకున్న చప్పుడయింది, ఆ అడుగులు సర్వీసు కొట్టే గీత వైపు మళ్ళాయి.

మణికంఠ తన ఖాళీ చేతిని చూసుకున్నాడు. "నేను నిజంగా ఆడినవి ఆరే సార్," అన్నాడు మెల్లగా. తన జతగాడి వైపు చూశాడు. ఇద్దరూ వెళ్ళి రాకెట్లు తెచ్చుకున్నారు.

ఫలకం కరస్పర్శ కోసం వేచి ఉన్నానంది. తర్వాత మళ్ళీ అదే మాట అంది. తొంభై నాలుగు ఎనభై అయింది, డెబ్భై ఒకటి అయింది, యాభై దగ్గర కొంచెంసేపు ఊగి ఆరిపోయింది. అక్కడ అంకె లేకుండా ఉండడం గౌరునాయుడు పదకొండేళ్ళలో చూడలేదు. అతనికి భయమేసింది. సంతోషం కూడా వేసింది.

గుంజకు ఆనించిన రాకెట్టును తన వాటమైన ఎడమచేత్తో అందుకుని వల దగ్గర వంగి నిలబడ్డాడు. చెయ్యి ఇంకా వీపు వెనకే ఉంది, తెరిచే ఉంది. మంచులోంచి బంతిని నేలకు కొట్టే చప్పుడు మూడు సార్లు వినిపించింది. దానియేలు ఎప్పుడూ మూడు సార్లే కొడతాడు, కలల్లో మాత్రం రెండు.

బంతి తల మీదుగా దూసుకుపోయింది. గౌరునాయుడు అవతలికి దాటాడు. దాటుతుండగానే వెనక దానియేలు బూట్లు ఖాళీ సగం వైపు పరుగెత్తడం విన్నాడు.