సత్యమ్మ వంతు

శామీర్‌పేటలో మధ్యాహ్నం మూడింటికి దెయ్యాల గురించి ఎవరూ ఆలోచించరు. ఆ ఎండకి దెయ్యమైనా బయటికి రాదు. నాగమణి కూడా అలాగే అనుకునేది. పైగా ఆ ఇంట్లో భయపడ్డానికి ఏముంది గనక? ఎనిమిదేళ్ల కిందట కట్టిన ఇల్లు. కింద అద్దె పోర్షన్, పైన ఇంటివాళ్లు, ఆ పైన డాబా మీద ఒక రేకుల గది. నాగమణి వాళ్ల ముందుగది కిటికీని ఆనుకునే పైకి మెట్లు.

నాగమణిది తాడేపల్లిగూడెం. మొగుడు హేమచంద్‌కి ఇక్కడి మందుల కంపెనీలో ఉద్యోగం రావడంతో ఆరేళ్ల కిందట ఈ పోర్షన్‌లో దిగారు. ఆమెకి చిన్నప్పట్నుంచీ ఉబ్బసం. చలికాలం వచ్చి పలకరించి పోయే రకం కాదు. మిరపకాయ తాలింపు వేస్తే వచ్చేది, పక్క ప్లాట్లో జేసీబీ మట్టి తవ్వితే వచ్చేది, గట్టిగా నవ్వినా వచ్చేది. అందుకని ఆమె నవ్వడం కూడా చూసుకుని నవ్వేది.

ఇంటావిడ సత్యమ్మదీ అదే జబ్బు. ఆవిడ దాన్ని దమ్ము అనేది. ఒకప్పుడు ఆవిడ వరి నాటిన చేన్లన్నీ కొడుకు బాలేష్ ప్లాట్లు చేసి అమ్మేశాడు. రెండంతస్తుల ఇల్లు కట్టాడు, పెద్ద కారు కొన్నాడు, తల్లికి మాత్రం ఆవిరి పట్టే మిషన్ కొనలేదు. కింద నాగమణికి ఉంది గదా, మళ్లీ ఇంకోటెందుకన్నాడు. చేతగాక కాదు, ఆ మాటతో ఆ పని అయిపోయిందనుకున్నాడంతే.

అలా రోజూ మూడింటికి సత్యమ్మ మెట్లు దిగి వచ్చేది. వేలి ఉంగరంతో కిటికీ గ్రిల్ మీద రెండుసార్లు కొట్టేది. ఇద్దరూ ప్లాస్టిక్ కుర్చీలు దగ్గరికి జరుపుకుని కూర్చునేవాళ్లు. మాస్కు ఎవరిది వాళ్లదే, మిషన్ ఒకటే. చిన్న ప్లాస్టిక్ గొట్టం తల తుంచి మందు పోస్తే మిషన్ బుర్రుమని మొదలెట్టేది, మాస్కులోంచి తెల్లగా ఆవిరి వచ్చేది. నువ్వు చిన్నదానివి, ముందు నువ్వు పెట్టుకొమ్మని సత్యమ్మ ఎప్పుడూ తన వంతు వెనక్కే ఉంచుకునేది. రొమ్ములో పిల్లికూతలు పెడుతున్నా సరే, చీరకొంగుతో నోరు మూసుకుని ఓపిగ్గా కూర్చునేది.

తర్వాత కరోనా వచ్చింది. మొదటేడు ఎలాగో గడిచింది. రెండో ఏడు మే నెలలో మాత్రం ఊరు ఊరంతా ఊపిరాడక కొట్టుకుంది. పొద్దున పదింటికల్లా కొట్లు మూత. దగ్గితే నేరం. ఉబ్బసం ఉన్నవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు, వాళ్ల ఊపిరే వాళ్ల మీద చాడీలు చెప్పేది. పాలవాడు నాగమణి కూతలు విని, పాకెట్లు గేటు బయటే వదిలేసి పోవడం మొదలెట్టాడు.

హేమచంద్ ఎక్కడో చదివొచ్చాడు. ఆ మిషన్ ఆవిరిలో రోగం గదంతా తిరుగుతుందట, ఇంకొకరిని కూర్చోబెట్టుకుంటే ఇక అంతేనట. డాక్టర్లూ అదే అంటున్నారని చెప్పాడు. అందులో అబద్ధమేమీ లేదు. పైగా మేడ్చల్‌లో నాలుగు షాపులు తిరిగినా ఆ మందు గొట్టాలు దొరకలేదు, ఇంట్లో మిగిలిన డబ్బా ఒక్కటే ఆమెకి ప్రాణం. ఎవరొచ్చినా తలుపు తియ్యొద్దని ఒట్టేయించుకున్నాడు. నాగమణి కిటికీ మూసి తెర లాగేసింది.

పైన సత్యమ్మకి దగ్గు ఎక్కువైంది. కోడలు ఆవిడ మంచం డాబా మీది రేకుల గదిలో వేయించింది. కంచం గుమ్మం ముందు పెట్టి పిలిచి, వెనక్కి పరిగెత్తుకొచ్చేది. మే నెల ఎండ, నెత్తిన రేకులు.

మూడో రోజు, మూడింటికి, గ్రిల్ మీద ఉంగరం రెండుసార్లు మోగింది.

నాగమణి తెర వెనకే ఉంది. ఆమె రొమ్ములోనూ సన్నగా కూతలు మొదలయ్యాయి. అవి వినిపిస్తే తను ఇంట్లో ఉన్నట్టు తెలిసిపోతుంది. అందుకని ఊపిరి బిగబట్టింది. ఉబ్బసం మనిషి ఊపిరి బిగబట్టడమంటే ఏమిటో ఇంకో ఉబ్బసం మనిషికే తెలుస్తుంది. కళ్ల ముందు చుక్కలు తిరిగాయి. అయినా వదల్లేదు.

బయట కూత… లోపలికి. కూత… బయటికి.

"నాగమణీ… దమ్మొస్తలేదు బిడ్డా. జర గా మిషను పెట్టు."

నాగమణి తెర అంచు ఇంకా దగ్గరికి లాక్కుంది.

"లోపటున్నవని ఎర్కే బిడ్డా," అంది సత్యమ్మ. కోపంగా అనలేదు. ఆ తర్వాత ఇంకేమీ అనలేదు.

పైకి వెళ్లిపోయిందనుకుంది నాగమణి. నాలుగింటికి కోడలు కేక పెడితే తెలిసింది, ఆవిడ ఎక్కడికీ వెళ్లలేదని. మూడో మెట్టు మీద కూర్చుని, తల గోడకి ఆనించి, అలాగే ఉండిపోయింది. తెల్ల కిట్లు తొడుక్కున్న నలుగురు వచ్చి సంచిలో చుట్టి తీసుకుపోయారు. రెండ్రోజుల తర్వాత రిపోర్టు వచ్చింది. కరోనా లేదు. ఏ రోగమూ అంటించగలిగే మనిషి కాదావిడ. ఒక్క గొట్టం మందు పడితే ఈపాటికి పైన కూర్చుని చింతపండు ఒలుస్తూ ఉండేది.

నాగమణిని ఎవరూ ఏమీ అనలేదు. అనడానికి ఎవరికి నోరుంది? ఆ నెలలో అందరూ ఎవరో ఒకరికి తలుపు మూసినవాళ్లే. ఆమెకి మాత్రం అన్నం సహించలేదు. నేనే చంపాను, నేనే చంపాను అని లోపల ఒకటే రొద.

రిపోర్టు వచ్చిన మర్నాడు పిట్టకు పెట్టారు. కాంపౌండు గోడ మీద విస్తరాకు పరిచి తలకాయ కూర, గారెలు, కల్లు, ఆవిడ నమిలే ఆకూ వక్కా అన్నీ పెట్టారు. కాకి వచ్చింది. పక్కన వాలింది. ముట్టలేదు. చచ్చిపోయినవాళ్లకి తీరని కోరికేదో ఉంటే పిట్ట ముట్టదంటారు. బాలేష్ చేతులు జోడించి ఒక్కొక్కటే అడిగాడు. రోడ్డు మీది ప్లాటు చెల్లె పేర రాసిస్తానన్నాడు. కాకి కదల్లేదు.

"ఇంకేం గావాలె అమ్మా నీకు?" అని ఏడ్చాడు చివరికి.

కాకి విస్తరాకు వైపు చూడనే లేదు. కింది పోర్షన్ కిటికీ వైపు చూస్తోంది. ఏం కావాలో తెర వెనకున్న నాగమణి ఒక్కదానికే తెలుసు. వాళ్లు విసిగిపోయి విస్తరి తీసి ఆవుకి పెట్టేశారు.

ఆ రోజు మూడింటికి గ్రిల్ మీద రెండుసార్లు మోగింది. తెర తీసి చూస్తే ఎవరూ లేరు. కానీ గదిలో కూతలు వినిపిస్తున్నాయి. తనవేననుకుంది. అనుమానం వచ్చి ఊపిరి బిగబట్టింది.

కూతలు ఆగలేదు.

కుర్చీ వైపు నుంచి… లోపలికి. బయటికి.

హేమచంద్‌కి చెబితే జ్వరం చూశాడు. మర్నాడు ఆయన డ్యూటీకి వెళ్లేముందు ఫోన్లో డాక్టరుతో మాట్లాడే ఏర్పాటు చేశాడు. హేమచంద్ గొంతు కూడా రెండ్రోజులుగా గరగరమంటోంది. మందుల పొడి, కంపెనీలో అందరికీ ఉండేదే అని దగ్గు మింగుకుంటూ బస్సెక్కాడు.

డాక్టరు వీడియోలోకి వచ్చేసరికి మధ్యాహ్నం మూడు కావస్తోంది. ఫోను రొమ్ముకి దగ్గరగా పెట్టమన్నాడు. కాసేపు విన్నాడు. ఊపిరి బిగబట్టమన్నాడు. నాగమణి బిగబట్టింది. ఆయన ఇంకా వింటూనే ఉన్నాడు. కనుబొమలు ముడిచాడు.

"మీకు పర్వాలేదమ్మా. ముందు ఆవిడకి ఆవిరి పెట్టండి. ఆవిడ ఊపిరి బాలేదు, ఆలస్యం చెయ్యొద్దు," అన్నాడు.

"ఎవరికండీ?" అంది నాగమణి. అప్పటికే లైను తెగిపోయింది.

ఆవిడ అని ఆయనకెవరు చెప్పారు? గదిలో ఒక్కసారిగా జిందా తిలిస్మాత్ వాసన గుప్పుమంది. సత్యమ్మ రొమ్ముకి రాసుకునేది అదే. ఎండ కిటికీ మీద భగభగమంటోంది. నాగమణి మందు డబ్బా తెరిచింది. రెండు గొట్టాలున్నాయి. ఈ వారంలో మళ్లీ దొరుకుతాయన్న నమ్మకం లేదు. ఇవి అయిపోతే తన గతి ఏమిటో ఆమెకి బాగా తెలుసు.

అయినా ఒక గొట్టం తల తుంచింది. సత్యమ్మ మాస్కు మేకుకి ఇంకా అలాగే వేలాడుతోంది. మందు పోసి, మాస్కు తీసుకెళ్లి ఖాళీ కుర్చీ వీపుకి తగిలించి, మిషన్ వేసింది. బుర్రుమంది. ఆవిరి వచ్చింది. తెల్లగా బయటికి తేలి… ఆగింది. వెనక్కి, మాస్కులోకి పోయింది. మళ్లీ బయటికి. మళ్లీ లోపలికి. ఫ్యాను గాలి అటు లేదు.

"తప్పయిపోయింది పెద్దమ్మా," అంది నాగమణి గుసగుసగా. "ఆ రోజు నేను లోపలే ఉన్నాను. భయమేసింది."

కూతలు సన్నగిల్లాయి. పది నిమిషాలకి పూర్తిగా ఆగిపోయాయి. కుర్చీ కాలు కిర్రుమంది, ఎవరో లేచినట్టు. తర్వాత గది ఎంత ప్రశాంతంగా అయిపోయిందంటే నాగమణికి వెక్కి వెక్కి ఏడుపొచ్చింది. ఎన్నాళ్ల తర్వాతో గుండె నిండా గాలి పీల్చింది. పోనీలే తల్లీ, ఇప్పటికైనా నీ వంతు నీకు ముట్టింది అనుకుంది.

మిషన్ ఆపింది.

గ్రిల్ మీద చప్పుడైంది. ఉంగరం కాదు. అరచేత్తో కొట్టిన చప్పుడు. మెత్తగా, వదులుగా, సత్తువ లేని చెయ్యి.

ఆ వెనకే ఇంకొకటి. గోళ్లతో. ఆ వెనక ఏదో కడ్డీ మీద చిన్నపిల్లల వేళ్లు…

బయట కూతలు. ఒకటి కాదు. పది, ఇరవై. ముసలివి, మగవి, పసివి. అన్నీ కిటికీ అవతలే. అన్నీ ఒకేసారి లోపలికి పీలుస్తున్నాయి. లోపలున్న తెర వెళ్లి కిటికీకి అతుక్కుపోయింది.

"ఇక్కడ మిషను పెడుతున్నరట గదా…" ఎవరిదో గొంతు. ఆ గొంతు ఆమె ఎన్నడూ వినలేదు.

నాగమణి ఎలా తలుపు దాకా వెళ్లిందో ఆమెకే తెలియదు. గడియ తీసింది. ఎండ మొహాన కొట్టింది. మెట్ల మీద ఎవరూ లేరు, వాకిట్లో ఎవరూ లేరు. కిటికీ కింద నుంచి చెప్పులున్నాయి. యూరియా కోసం వచ్చిన రైతులు ఎండకి నిలబడలేక చెప్పులు వరసలో పెట్టి నీడకి పోతారు చూడండి, అచ్చం అలాగే. ఒకదాని వెనక ఒకటి, తిన్నగా. అరిగిన హవాయి చెప్పులు. ఆసుపత్రి నీలం కవర్లు తొడిగిన కాలిజోళ్లు. వెలిగే లైట్ల పసిపిల్లాడి బూట్లు. వాకిలి దాటి గేటు దాకా.

డబ్బాలో మిగిలింది ఒక్క గొట్టం.

ఆమె ఆ వరస వెంట ఒక్కో జతా చూసుకుంటూ నడిచింది. గేటు దగ్గర చిట్టచివరి జత ముందు ఆగిపోయింది. అప్పుడే వచ్చి చేరినట్టున్నాయి, మిగతావాటి మీద పడ్డ దుమ్ము వాటి మీద లేదు. నల్లటి కంపెనీ బూట్లు. ఎడమ మడమ దగ్గర ఆమె స్వయంగా అంటించిన తోలు ముక్క. పొద్దున్నే హేమచంద్ అవి వేసుకుని బస్సెక్కడం ఆమె కిటికీలోంచి చూసింది.

లేసులు మాత్రం విప్పి లేవు, కాళ్లింకా వాటిలోనే ఉన్నట్టు.